మాక్‌బెత్తు: చరిత్రలోని రాజు, నాటకములోని నిరంకుశుడు

మన గ్రంథాలయమున చరిత్ర గ్రంథములు ఒక బీరువాలోను, నాటకములు వేరొక బీరువాలోను ఉన్నవి. ఒకే మనుష్యుని పేరు రెండు బీరువాలలోను కనబడుట సాధారణమే. కాని రెండుచోట్లను ఇద్దరు వేర్వేరు మనుష్యులుగా కనబడుట అరుదు. స్కాట్లండు దేశపు రాజగు మాక్‌బెత్తు అట్టివాడు. చరిత్రలో నతడు పదునేడు సంవత్సరములు రాజ్యమేలిన ప్రభువు. షేక్‌స్పియరు మహాకవి నాటకములో నతడు తన యింట నిదురించుచున్న రాజును చంపి, ఆ పిమ్మట చంపుట మానలేక దేశమునెల్ల రోదనముతో నింపిన నిరంకుశుడు. వీరుడు నిరంకుశుడెట్లగును అను ప్రశ్నకు ఇంతకంటె తేటయైన సమాధానము నేను చదివిన గ్రంథములలో వేరెచ్చటను కనబడలేదు. ఐతే ఆ సమాధానము చెప్పుటకై కవి చరిత్రను ఎచ్చట మార్చెనో, ఎందుకు మార్చెనో తెలిసికొననిదే దాని లోతు తెలియదు. కావున ముందు చరిత్రలోని రాజును చూతము.

కాలమును మనకు తెలిసిన గుర్తుతో నిలుపుకొందము. రాజమహేంద్రవరమున 1022వ సంవత్సరమున పట్టము గట్టుకొనిన రాజరాజ నరేంద్రుడు నన్నయ భట్టారకునిచే భారతమును తెనిగింపజేసిన ప్రభువని మనమెరుగుదుము. ఆ రాజరాజు మన వేంగిదేశమును ఏలుచున్న కాలముననే, చలిగాలుల దేశమగు స్కాట్లండున మాక్‌బెత్తు రాజుగా నుండెను. మన రాజరాజునకును సింహాసనము సుఖముగ దక్కలేదు. సవతి తమ్ముడగు విజయాదిత్యుడు పశ్చిమ చాళుక్యుల యండ జూచుకొని ఎదురు నిలువగా, చోళుల బలముతో నిలద్రొక్కుకొనవలసి వచ్చెను. దాయాదుల పోరు ఏ యొక్క దేశపు సొత్తును కాదు.

ఆ దినములలో స్కాట్లండున తండ్రి తరువాత కొడుకు అను నియమము స్థిరపడలేదు. రాజవంశపు శాఖలలో వయస్సు వచ్చిన సమర్థుడెవడో వానికి పట్టము. వినుటకు ఈ పద్ధతి బాగుగనే యున్నది. పసివాడు రాజై దేశము పాడగుట తప్పును. ఆచరణలో మాత్రము సమర్థుడెవడో తేల్చునది కత్తియే. డంకనునకు తాతయగు రెండవ మాల్కము 1005లో తనకు ముందున్న రాజును యుద్ధమున చంపి రాజయ్యెను. దాదాపు ముప్పది యేండ్లు ఏలి 1034లో నతడు కన్నుమూయగా, కుమార్తె కొడుకగు డంకను రాజ్యమునకు వచ్చెను.

ఉత్తరమున మోరే అను సీమ కలదు. మాక్‌బెత్తు తండ్రి ఆ సీమకు అధిపతి. 1020లో అతనిని అతని సోదరుని కొడుకులే చంపిరి. ఆ కొడుకులలో నొకడు పిమ్మట మోరేకు అధిపతియై, 1032లో ఏబది మంది అనుచరులతో గూడ నిప్పులో పడి మాడిపోయెను. నిప్పు పెట్టినదెవరో వృత్తాంతకారుడు వ్రాయలేదు. తరువాత మోరే మాక్‌బెత్తు చేతికి వచ్చినది. చనిపోయినవాని భార్య గ్రూఖు మాక్‌బెత్తునకు భార్యయైనది. ఆమె కెన్నెతు అను రాజునకు మనుమరాలు. మొదటి భర్తవలన ఆమెకు లులాఖు అను కొడుకు కలడు. ఈ విధముగ రాజవంశపు హక్కు, మోరే సైన్యము రెండును ఒకే యింట చేరినవి.

డంకను మొదట దక్షిణమున డర్హము పట్టణమును ముట్టడించి ఓడిపోయి, పిదప ఉత్తరమున మోరే మీదికి దండెత్తి వచ్చెను. 1040 ఆగస్టు 14వ తేదీన ఎల్గిను పట్టణ సమీపమున మాక్‌బెత్తు పక్షమువారి చేతిలో మరణించెను. అనగా దండెత్తి వచ్చినవాడు డంకను. తన సీమలో నిలిచి పోరినవాడు మాక్‌బెత్తు. ఇచ్చట పడకగది లేదు, అతిథి లేడు. డంకను నాటకమున కనబడు నెరసిన వృద్ధుడును కాడు. చిన్న వయస్సున చనిపోయెనని ఐర్లండు వృత్తాంతములో నున్నది.

ఆ తరువాతి రాజ్యము ఆ కాలపు కొలతలకు చక్కగనే సాగినది. 1045లో డంకను తండ్రి తిరుగబడి పోరులో చనిపోయెను. 1050లో మాక్‌బెత్తు రోము నగరమునకు యాత్ర పోయి పేదలకు ధనమును విత్తనములవలె వెదజల్లెనని ఆ కాలపు వృత్తాంతకారుడే వ్రాసినాడు. సముద్రములు దాటి రోము పోయి వచ్చుటకు నెలలు పట్టును. తన వెనుక సింహాసనము ఖాళీగ నుంచి అంత దూరము పోగలిగిన రాజు ఇంటి దొంగలకు భయపడుచున్నవాడు కాడు. లాక్ లీవెను సరస్సులోని సన్యాసులకు మాక్‌బెత్తు, గ్రూఖు ఇరువురి పేరిట భూదానము చేసినట్లు మఠపు పత్రములో నున్నది. నాటకమున పేరైనను లేక భయంకరియై నిలిచిన ఆ రాణికి చరిత్రలో మిగిలిన ప్రధానమైన జాడ దానపత్రములోని చేవ్రాలువంటి ఈ పేరే. 1054లో నార్తంబ్రియా ప్రభువగు సివార్డు ఇంగ్లండునుండి సైన్యముతో వచ్చి మాక్‌బెత్తును ఓడించెను. ఐనను రాజ్యము వెంటనే పోలేదు. మూడేండ్ల తరువాత, 1057 ఆగస్టు 15వ తేదీన లంఫానను అను చోట డంకను కొడుకగు మాల్కము అతనిని చంపెను.

లెక్కలు వ్రాయువానికి ఒక అలవాటుండును. ఆవర్జా ముందు బెట్టినచో అందలి మొత్తములకంటె ముందు అది యెవరి చేతివ్రాతయో చూచును. మాక్‌బెత్తు కథకును ఆ పరీక్ష అవసరము. 1058లో పట్టమునకు వచ్చిన మాల్కము సంతతివారే రెండువందల యేండ్లకు పైగా స్కాట్లండును ఏలిరి. చంపబడిన డంకను వారికి మూలపురుషుడు. వారి నీడలో వ్రాయబడిన వృత్తాంతములలో మాక్‌బెత్తు తరతరమునకును నల్లబడుచు వచ్చెను. 1420 ప్రాంతమున వింటను అను మతాధికారి వ్రాసిన పద్యచరిత్రలో మాక్‌బెత్తు కలలో ముగ్గురు స్త్రీలు కనబడి భవిష్యత్తు చెప్పిరి. 1527లో హెక్టరు బోయిసు లాటిను భాషలో వ్రాసిన చరిత్రలో ఆ కల నిజమై, ముగ్గురు స్త్రీలును దారిలో నెదురైరి. బాంకో అను ప్రభువు మొట్టమొదట కనబడినదియు ఆ గ్రంథముననే. 1371 నుండి స్కాట్లండును ఏలిన స్టూవర్టు వంశమునకు గౌరవమైన పూర్వపురుషుడొకడు కావలసి వచ్చెను, బాంకో పుట్టెను. మన వంశావళులలో ఇట్టి పుట్టుకలు లేవని చెప్పబోను.

ఈ కథను ఆంగ్లమున చేర్చినవాడు హాలిన్‌షెడ్డు. అతని చరిత్ర 1577లో మొదట అచ్చయి, 1587లో పెంచి మరల అచ్చువేయబడినది. షేక్‌స్పియరు చదివినది ఇదియే. ఇందులోని ఒక విషయము నాటకము మాత్రమే చదివినవారికి ఆశ్చర్యము గలిగించును. రాజైన పిమ్మట పది సంవత్సరములు మాక్‌బెత్తు దొంగలను అణచి, మంచి శాసనములు చేసి, న్యాయముగ పాలించెనని హాలిన్‌షెడ్డు వ్రాసెను. ఆ న్యాయము నటనయే యని వెంటనే ఆక్షేపించెను గూడ. ఐనను పదియేండ్ల నటన చిన్నపని కాదు. ఆ పదియేండ్లు రాత్రివేళ తలుపు దగ్గరగా వేసి నిదురపోయిన రైతునకు అది న్యాయముగనే అక్కరకు వచ్చియుండును.

తరువాత మార్పు ఎట్లు వచ్చినదో హాలిన్‌షెడ్డు చెప్పిన విధము మిక్కిలి సూక్ష్మమైనది. తాను డంకనునకు చేసినది తనకింకెవరో చేయుదురను భయము రాజు మనస్సున ప్రవేశించెను. మొదట బాంకోను చంపించెను. పిదప ప్రభువులకు ఒకరి తరువాత నొకరికి చావు మూడసాగెను. దీనివలన రాజునకు రెండు లాభములు కలిగినవట: భయపడదగినవారు పోయిరి, వారి ఆస్తి బొక్కసమునకు వచ్చెను. ఆ ధనముతో రాజు తనచుట్టును ఆయుధములు బట్టిన కావలివారిని నిలుపుకొనెను. ఇందలి జమాఖర్చును కొంచెము నిదానించి చూడవలెను. కావలివారి జీతమునకు ధనము కావలెను. ధనమునకు ఇంకొక ప్రభువు చావవలెను. చచ్చినవాని బంధువులు పగబట్టుదురు గనుక కావలివారు మరికొందరు కావలెను. ఈ లెక్క ఏనాటికిని ముగింపునకు రాదు. ప్రతి పద్దును ఇంకొక పద్దును పుట్టించుచుండును.

ఇంకొక వృత్తాంతమును గూడ అతడే చెప్పెను. మాక్‌బెత్తు డన్సినేను కొండమీద పెద్దకోట కట్టింపబూనెను. ఎద్దులతో రాళ్లు పైకి లాగింపవలెను. ఒక్కొక్క సీమ ప్రభువు వంతులవారీగా పనివారిని, సామగ్రిని పంపి, తాను స్వయముగ వచ్చి పని చూడవలెనని ఆజ్ఞ. ఫైఫు సీమ ప్రభువగు మాక్‌డఫు తన వంతు రాగా పనివారిని, సామగ్రిని లోటులేకుండ పంపెను. తాను మాత్రము పోలేదు. పోయినచో తిరిగి వచ్చుట అనుమానమని యెరుగును. పనికి లోటు లేదు, రాయికి లోటు లేదు. రాజు కోపమునకును లోటు లేకపోయెను. వంగి నిలిచిన మనుష్యుని చూడవలెనని నిరంకుశునకు కోరిక. రాయి నెపము మాత్రమే.

ఇక నాటకమునకు వత్తము. 1603లో స్కాట్లండు రాజగు జేమ్సు ఇంగ్లండునకును రాజయ్యెను. అతడు స్టూవర్టు వంశజుడు, బాంకో సంతతి యని చెప్పుకొనువాడు. మంత్రగత్తెలను గూర్చి స్వయముగ గ్రంథము వ్రాసినవాడు. 1605లో పార్లమెంటు భవనము క్రింద తుపాకిమందు పేర్చి రాజును సభతో గూడ పేల్చివేయ జూచిన కుట్ర బయటపడెను. ఆ మరుసటి సంవత్సర ప్రాంతమున ఈ నాటకము వెలువడెనని పండితుల నిర్ణయము. అచ్చయినది మాత్రము కవి మరణించిన ఏడేండ్లకు, 1623లో. కవి తన విషాదాంత నాటకములన్నిటిలోను దీనినే పొట్టిగ వ్రాసెను. హాలిన్‌షెడ్డు గ్రంథమున డంకను హత్యలో బాంకో గూడ భాగస్వామి. ఏలుచున్న రాజు పూర్వపురుషుని హంతకుని చేయుట ఏ కవికిని క్షేమము కాదు గనుక షేక్‌స్పియరు అతనిని నిర్దోషిని జేసెను. ఆ పది మంచి సంవత్సరములను పూర్తిగ కొట్టివేసెను. పదునేడేండ్ల కథ నాటకమున కొలది వారములవలె పరుగెత్తును.

అన్నిటికంటె పెద్ద మార్పు వేరొకటి. హాలిన్‌షెడ్డు గ్రంథముననే కొన్ని పుటలకు ముందు, పదియవ శతాబ్దికి చెందిన డఫ్ అను రాజు కథ కలదు. ఆ రాజును డాన్వాల్డు అను కోటాధికారి తన కోటలో అతిథిగ నుంచుకొని, భార్య ప్రోద్బలముతో, కావలివారిని తాగించి, నిదురలో గొంతు కోయించెను. తెల్లవారిన పిమ్మట ఏమియు నెరుగనివానివలె ఆ కావలివారిని తానే చంపెను. ఇంకొక రాజు రహస్యముగ హత్య చేయించి, రాత్రివేళ పక్కమీద తన్ను నిందించు అశరీరవాణిని విని నిదుర కోల్పోయెను. షేక్‌స్పియరు ఈ రెండు కథలను దెచ్చి మాక్‌బెత్తు తలకు చుట్టెను. ఎల్గిను దగ్గరి యుద్ధభూమి ఇన్వర్నెసు కోటలోని పడకగది యయ్యెను.

చరిత్ర దృష్టితో ఇది అన్యాయమే. మరణించినవాడు దావా వేయలేడు గనుక ఎవరి నేరమైనను వాని ఖాతాలో వ్రాయవచ్చునా అని అడుగవచ్చును. నా అభిప్రాయమున కవికి ఈ మార్పు తప్పనిసరి. యుద్ధమున ఎదురుపడినవానిని చంపి రాజైనవాడు మనస్సున నిరంకుశుడు కానక్కరలేదు. ఆ దేశాచారము అతనిని సమర్థించును, తన మనస్సు గూడ సమర్థించును. అందుచేతనే చరిత్రలోని మాక్‌బెత్తు రోముకు పోయి రాగలిగెను. నిదురించువానిని చంపినవానికి ఆ సమర్థన దొరకదు. కవికి కావలసినది తన్ను తాను సమర్థించుకొనలేని హంతకుడు.

భారతము విన్నవారికి ఇట్టి రాత్రి కొత్తది కాదు. అశ్వత్థామ పదునెనిమిది దినములు పగటివెలుగున ఎందరినో కూల్చెను; అందుకు ఎవరును అతనిని నీచుడనలేదు. తిక్కన సోమయాజి సౌప్తికపర్వమున చెప్పిన ఆ యొక్క రాత్రి, శిబిరమున నిదురించుచున్న ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కొడుకులైదుగురిని చంపినందుకే అతని పేరు చెడినది. ఐతే అశ్వత్థామకు తండ్రి చావు అను పుండు కలదు. మాక్‌బెత్తునకు అట్టిది లేదు. డంకను అతనికి కీడు చేయలేదు సరికదా, బిరుదములిచ్చి గౌరవించెను. అశ్వత్థామకు శిక్ష శ్రీకృష్ణుని శాపముగ వెలుపలినుండి వచ్చెను. తోడు లేక మూడువేల యేండ్లు తిరుగవలెను. మాక్‌బెత్తును శపించువారెవరును లేరు. చేతులమీద నెత్తురు ఆరకమునుపే, తాను చంపినది రాజును మాత్రమే కాదు, తన నిదురను గూడ నని అతనికే వినబడును.

నాటకమును హత్యల వరుసలో చదివినచో, ఒక్కొక్క హత్యకు ముందు మాక్‌బెత్తు ఎంతసేపు ఆలోచించెనో గమనింపవలెను. నాకు ఈ నాటకపు తాళపుచెవి అచ్చటనే దొరికినది. డంకనును చంపుటకు ముందు ఒక అంకమంతయు గడచును. మాక్‌బెత్తు ఒంటరిగ నిలిచి, ఈయన నాకు బంధువు, ప్రభువు, పైగా అతిథి. తలుపు కాయవలసినవాడనే కత్తి పట్టుట యెట్లని తలపోయును. రాజు సాధువని, తనకున్న కారణము రాజ్యకాంక్ష యొక్కటే యని ఒప్పుకొనును. ఈ పని వద్దని భార్యతో చెప్పును గూడ. ఆమె అతని మగతనమును ఎత్తిపొడువగా మరల లొంగును. దారిలో గాలిలో కత్తి కనబడును. పని ముగిసిన పిమ్మట ఆ కత్తులను తిరిగి గదిలో పెట్టి వచ్చుటకు అతనికి కాళ్లాడవు. భార్యయే పోవలసి వచ్చును. ఇంతవరకు అతడు హంతకుడే గాని నిరంకుశుడు కాడు. తాను చేసినది ఇంకను అతనికి భయము గొల్పుచున్నది.

రెండవ హత్యను చదువరులు తరచుగ గమనింపక దాటిపోవుదురు. తెల్లవారి గగ్గోలు పుట్టగానే అతడు రాజు గదికి పోయి, రాజభక్తితో ఒడలెరుగనట్లు నటించి, మత్తులోనున్న కావలివారిద్దరిని నరికివేయును. వీరిని చంపుమని భార్య చెప్పలేదు. దారిలో నెదురైన మంత్రగత్తెలును చెప్పలేదు. నేరము వారిమీద మోపుటయే ఇద్దరి ఒప్పందము. నరుకుట మాక్‌బెత్తు తనంతట తాను చేర్చినది. నిన్న రాత్రి కాళ్లాడనివానికి ఈ ఉదయము చేయి తడబడలేదు. ఒక్క రాత్రిలో ఎంత దూరము నడిచెనో చూడుడు! వారి పేర్లు గూడ నాటకమున లేవు. నిరంకుశత్వమున మొదట పడువారు సాధారణముగ పేరు లేనివారే.

మూడవది బాంకో హత్య. ఇచ్చట రాజు కత్తి పట్టడు. బ్రతుకు చితికిన ఇద్దరిని పిలిపించి, మీ కష్టములకెల్ల బాంకోయే కారణమని నూరిపోసి పంపును. వారిమీదను నమ్మకము లేక మూడవవానిని గూడ పంపును. భార్య అడిగినపుడు, పని ముగిసిన పిమ్మట సంతోషింతువులే యని దాటవేయును. మొదటి హత్యలో ఆమె సగము భాగస్వామి. ఇప్పుడు ఆమెకు వర్తమానము లేదు. ఆ రాత్రి విందులో బాంకో ప్రేతము తన పీటమీద కూర్చున్నట్లు అతనికి మాత్రమే కనబడును. ప్రభువులందరు తెల్లబోవుదురు. ఆ విందు చెదరిన పిమ్మట అతడు భార్యతో చెప్పు మాటలలో ఒకటి ప్రేతముకంటె భయంకరమైనది: ప్రతి ప్రభువు ఇంటను జీతమిచ్చి ఒక సేవకుని తాను వేగుగా నుంచితినని.

నాల్గవది మాక్‌డఫు కుటుంబము. మాక్‌డఫు ఇంగ్లండునకు పారిపోయెనని వార్త వచ్చును. ఇకమీదట తలంపునకును చేతికిని నడుమ ఎడము ఉంచనని రాజు నిశ్చయించుకొని, అప్పుడే ఆజ్ఞ యిచ్చును. ఒక అంకము పొడవున సాగిన ఆలోచన ఇప్పుడు ఒక్క ఊపిరిలోనికి కుంచించుకొనిపోయినది. ఈ హత్యవలన రాజునకు కలుగు లాభము ఇసుమంతయు లేదు. భయపడదగిన మాక్‌డఫు ముందే చేయి దాటిపోయినాడు. మిగిలినవారు భార్య, పిల్లలు, ఇంటి దాసదాసీజనము. కవి ఆ ఇంట ఒక చిన్నవానిని తల్లితో చమత్కారముగ మాటలాడించి, మనలను నవ్వించి, ఆ నవ్వు పెదవులమీద నుండగనే హంతకులను ప్రవేశపెట్టును. రాజ్యకాంక్ష అను మాట ఈ ఘట్టమునకు వర్తింపదు. రాజ్యము ఎప్పుడో దక్కినది. చంపుటకు ఇక కారణము అక్కరలేకపోయిన ఈ దినముననే మాక్‌బెత్తు నిరంకుశుడయ్యెనని నా లెక్క.

మంత్రగత్తెలు చెప్పినందున ఇట్లాయెను, విధి బలీయము అనువారు కలరు. ఆ మాటలను బాంకో గూడ అదే దారిలో, అదే క్షణమున విన్నాడు. అతని సంతతికి రాజ్యమని అతనికిని ఆశ చూపిరి. అతడు ఇంటికి పోయి ఎవరిని చంపలేదు. ఇంతకంటె ఆ వాదమునకు సమాధానము అక్కరలేదు.

ఇంగ్లండులో మాల్కము, మాక్‌డఫు కలిసికొను ఘట్టమును రంగస్థలమున తరచుగ కుదింతురు. అది నిడుపుగ నుండుటయే కారణము. గ్రామస్థులమగు మనకు మాత్రము అది ముఖ్యమైనది. మాక్‌డఫు మాక్‌బెత్తు పంపిన మోసగాడేమో యని మాల్కము పరీక్షింప దలచి, నేను రాజైనచో మాక్‌బెత్తుకంటె చెడ్డవాడనగుదును అని తన్ను తాను నిందించుకొనును. నాకు స్త్రీలోలత్వము మెండు అనును. దేశము దానిని భరింపగలదని మాక్‌డఫు సర్దుకొనును. నాకు ధనాశ మెండు, ప్రభువుల భూములు లాగుకొందును అనును. అది మరింత చెడ్డదే గాని, ఇతర సుగుణములుండినచో దానికిని ఓర్చుకొనవచ్చునని మాక్‌డఫు మరల సర్దుకొనును. నాలో సుగుణము ఒక్కటియు లేదని మాల్కము చెప్పినపుడే, ఇట్టివాడు ఏలుటకు కాదు, బ్రతుకుటకే తగడని మాక్‌డఫు ఏడ్చును. యోగ్యుడైన మనుష్యుడు, పాత ప్రభువును దించవలెనను ఆతురతలో, కొత్త ప్రభువు దోషములకు ఎంతవరకు ధర కట్టి ఒప్పుకొనునో ఈ సంభాషణలో బయటపడును. మాక్‌బెత్తు వంటివారు ఒంటరిగ పెరుగరు. ఇట్టి సర్దుబాట్ల నీడలో పెరుగుదురు. ఈ సంభాషణ కవి కల్పన కాదు, హాలిన్‌షెడ్డు గ్రంథముననే యున్నది.

ఆ వెంటనే భార్యాబిడ్డల మరణవార్త వచ్చును. మగవానివలె ఎదుర్కొనుమని మాల్కము చెప్పగా, మగవాడైనను ముందు దుఃఖింపక తీరదని మాక్‌డఫు బదులు చెప్పును. మొదటి అంకమున రాణి మగతనమునకు చెప్పిన అర్థము కత్తి దూయుట. ఆ అర్థమును నమ్మిన ఇల్లు ఏమైనదో మనము ఈలోగా చూచితిమి.

రాణి సంగతి వేరుగ వ్రాయదగినంత యున్నది. ఇచ్చట ఒక్క మాట. హత్య రాత్రి, కొంచెము నీటితో ఈ మరక పోవునని ఆమె తేలికగ అనుకొనెను. కడపట నిదురలో నడచుచు, ఎంత కడిగినను పోని మరకను కడుగుచుండును. భర్త మొదట వణకి, తరువాత మొద్దువారెను. భార్య మొదట మొద్దువలె నిలిచి, తరువాత వణకెను. ఇద్దరి దారులును నడుమ ఒక్కచోట ఒకదానినొకటి దాటినవి, ఆ దాటుటలో ఒకరినొకరు చూచుకొనలేదు. ఆమె చనిపోయినదని వార్త వచ్చునప్పటికి మాక్‌బెత్తునకు ఏడ్చు శక్తియు లేదు. ఒకప్పుడు రాత్రివేళ కేక విన్నచో వెంట్రుకలు నిక్కబొడిచెడివని, ఇప్పుడు ఏదియు తన్ను కదలింపదని అంతకుముందే అతడు చెప్పుకొనును.

ఇట్టివానిని విషాదాంత నాయకుడని యేల అనవలెను? కేవలము దుర్మార్గుడు పతనమైనచో జాలి పుట్టదని గ్రీసు దేశపు అరిస్టాటిలు చెప్పెను. నాయకుడు మిక్కిలి మంచివాడును, మిక్కిలి చెడ్డవాడును కాక, తన పొరపాటువలన పడవలెను. మన వైపున భాసుని ఊరుభంగమును దీనితో సరిచూచుకొనవచ్చును. 1912లో తిరువనంతపురమునుండి గణపతిశాస్త్రిగారు ప్రకటించిన భాస నాటకములలో అది యొకటి. అందు తొడలు విరిగి పడియున్న దుర్యోధనుడు చావుముందు పగను విడిచి పెద్దవాడగును. అశ్వత్థామ పగబట్టి లేచినను ఆతడు వారించును. దుర్యోధనుడు దిగువనుండి పైకి వచ్చెను. మాక్‌బెత్తు పైనుండి దిగెను, ఒక్కొక్క మెట్టును లెక్కించుకొనుచు దిగెను. ముసలితనమున మనుష్యునకు దక్కవలసిన గౌరవము, ప్రేమ, మిత్రులు తనకు లేరని, ఉన్నవి పెదవిమీది పొగడ్తలు, లోపలి శాపనార్థములు మాత్రమే యని డన్సినేను కోటలో నతడు గ్రహించును. పోగొట్టుకొన్నదాని విలువ తెలిసినవాడు గనుకనే మనకు జాలి. తెలిసియు మరలిరాలేదు గనుకనే భయము.

ముగింపు అందరెరిగినదే. బర్నాము అడవినుండి కొమ్మలు విరిచి అడ్డము పట్టుకొని సైన్యము నడచి వచ్చును. తల్లి కడుపు కోసి తీయబడిన మాక్‌డఫు చేతిలో మాక్‌బెత్తు చచ్చును. అతని తలను తెచ్చి కొత్త రాజునకు చూపుదురు. నాటకములో ఆ దినముననే మాల్కము రాజగును.

చరిత్రలో ఆ దినమున మాల్కము రాజు కాలేదు. మాక్‌బెత్తు మరణించిన పిమ్మట అతని పక్షమువారు గ్రూఖు కొడుకగు లులాఖును రాజుగ నిలిపిరి. అతడు కొలది నెలలు మాత్రమే రాజుగ నుండి, 1058 మార్చిలో చంపబడెను. మాక్‌బెత్తు శరీరమును, పూర్వపు రాజులను పాతిపెట్టిన అయోనా ద్వీపమునకే కొనిపోయిరని స్కాట్లండు రాజుల పట్టికలు చెప్పుచున్నవి.